పోయిన కార్డు మీద వాడకం: ఎవరి నెత్తిన పడుతుంది?

చి. మేనల్లుడికి, ఆశీస్సులు.

క్రెడిట్ కార్డు కనిపించకపోతే ముందు ఇల్లంతా వెతక్కు. యాప్‌లో లాక్ చేసి, ఆ తర్వాత వెతుకు. దొరక్కపోతే బ్యాంకుకు ఫోన్ చేసి బ్లాక్ చేయించు. ఒట్టి లాక్‌ను ఫిర్యాదు అనుకునేవు సుమా! ఫిర్యాదు నంబరు మెసేజ్‌గా రావాలి. ఏ రోజు, ఎన్ని గంటలకు చెప్పావన్నదానికి అదే సాక్ష్యం.

పోయిన డబ్బు భారం ఎవరిదన్నది రిజర్వ్ బ్యాంకు (ఆర్‌బీఐ) 2017 జూలై 6 నాటి సర్క్యులర్‌లో చెప్పింది. తప్పు బ్యాంకుదైతే నీకు పైసా భారం లేదు, ఫిర్యాదు చేయకపోయినా సరే. తప్పు నీదీ కాదు, బ్యాంకుదీ కాదు, మూడోవాడిదైతే, లావాదేవీ జరిగిందని బ్యాంకు మెసేజ్ అందాక మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెప్పినా అంతే. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే లావాదేవీకి గరిష్ఠంగా రూ.10,000 నీ మీద పడుతుంది. కార్డు లిమిట్ రూ.5 లక్షలు దాటితే అది రూ.25,000. ఏడు కూడా దాటితే ఆ బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా.

మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు. శుక్రవారం వచ్చి, మర్నాడు రెండో శనివారమైతే, నీ గడువు సోమ, మంగళ, బుధ. అలాగని బుధవారం దాకా ఆగకు.

చాలామంది బోల్తా పడేది ఇంకోచోట. పిన్ కార్డు వెనకాల రాసుకున్నా, ఓటీపీ ఎవరికైనా చెప్పినా అది నీ నిర్లక్ష్యం. అప్పుడు ఈ గడువులేవీ పనికిరావు. ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా నీదే, చేశాక పోయేది బ్యాంకుది. అందుకే తప్పు నీదైనప్పుడు సిగ్గుపడి ఆలస్యం చేస్తే ఇంకా మునుగుతావు. అయితే నిర్లక్ష్యం నీదేనని నిరూపించాల్సింది బ్యాంకే. కౌంటర్‌లో నోటిమాటగా అంటే ఒప్పుకోకు, రాతపూర్వకంగా అడుగు.

నువ్వు చెప్పిన పది పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా నీ ఖాతాకు వెనక్కి వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. ఈలోగా దానిమీద వడ్డీ భారం నీ మీద పడకూడదు, బిల్లు చూసుకో. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చెయ్. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నాడు.

కార్డును మెషీన్‌కు తాకిస్తే (ట్యాప్) రూ.5,000 దాకా పిన్ లేకుండానే చెల్లింపు అయిపోతుంది. దొంగ చేతిలో పడితే ముందు జరిగేది అదే. నువ్వు ట్యాప్ వాడవు కదా, ఇవాళే ఆపెయ్.

మీ మామయ్య