తొలి రౌండు దాటలేకపోతున్న అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మడికి ఆశీస్సులు.

వరసగా నాలుగో టోర్నీలోనూ తొలి రౌండులోనే ఓడిపోయావనీ, రాకెట్ అటకెక్కిస్తానంటున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు టెన్నిస్ నేర్పినవాడిని, నా మాట కాస్త విను.

జర్మనీ క్రీడాకారిణి ఏంజెలిక్ కెర్బర్ 2011లో వింబుల్డన్‌తో సహా చాలా టోర్నీల్లో తొలి రౌండు దాటలేదు. ఆట మానేద్దామనే అనుకుంది. చివరికి ఆఫెన్‌బాఖ్‌లోని అకాడమీకి వెళ్లి ఒళ్లు వంచి కసరత్తు చేసింది. అదే ఏడాది 92వ ర్యాంకుతో యూఎస్ ఓపెన్‌కు వెళ్లి సెమీఫైనల్ ఆడింది.

ఆమె సర్వీసు గొప్పదేమీ కాదు. మొదటి సర్వీసు తప్పి, మెల్లగా కొట్టే రెండో సర్వీసు వస్తే చాలు, ప్రత్యర్థులు విరుచుకుపడేవారు. నువ్వూ నీ సర్వీసునే తలచుకుని కుమిలిపోతున్నావట. కెర్బర్ బలమంతా కాళ్లలో ఉంది. ఆమె ఆట వీడియో పెట్టుకుని బంతిని కాదు, మోకాళ్లను చూడు. బంతి పాదాల దగ్గర పడినా వెనక్కి జరగదు. మోకాలు నేలకు ఆనేంతగా కూర్చుండిపోయి, బంతి పైకి లేస్తుండగానే అందుకుని సైడ్‌లైన్ వెంట పంపేస్తుంది. నేను వందసార్లు చూసి ఉంటాను, ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. నువ్వు మాత్రం నడుము వంచుతున్నావు, మోకాళ్లు వంచడం లేదు. నీ బంతి నెట్‌కు తగలడానికి కారణం అదే.

2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ తొలి రౌండులో జపాన్ అమ్మాయి మిసాకి దోయి మ్యాచ్ పాయింట్ దాకా, అంటే ఇంకొక్క పాయింటు వస్తే గెలిచేదాకా వచ్చింది. ఆ ఒక్క పాయింటూ పోయి ఉంటే కెర్బర్ మూటాముల్లె సర్దుకునేది. నిలబడింది, ఫైనల్లో సెరెనా విలియమ్స్‌ను ఓడించింది. సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ కూడా గెలిచి, 28 ఏళ్ల వయసులో ప్రపంచ నంబర్ వన్ అయింది. మరుసటి ఏడాదే మొదటి ఇరవై మందిలోంచి జారిపోయిందమ్మా! అయినా 2018లో వింబుల్డన్ గెలిచింది. బిడ్డ పుట్టాక కూడా కోర్టుకు తిరిగి వచ్చి, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్ ఆడి రిటైరైంది.

ఒక్క నెలపాటు సర్వీసు మాట ఎత్తకు. రోజూ పొద్దున్నే గోడ దగ్గర మోకాళ్లు వంచి, తక్కువ ఎత్తులో వచ్చే బంతులు రెండు వందలు కొట్టు. తొడలు మండుతాయి, మండనీ. ఓడిన ప్రతి మ్యాచ్‌లోనూ నీ చేతికొచ్చి పోయిన ఒక్క పాయింటు ఏదో నోటుబుక్కులో రాసి ఉంచు. దసరాకు వచ్చినప్పుడు ఆ పుస్తకం ముందేసుకుని కూర్చుందాం.

నీ పెదనాన్న