ఆ బొమ్మల పుస్తకం సంగతి నోఆ పిల్లలకి చెప్తాడా?

ప్రశ్న: 'కింగ్‌డమ్ ఆఫ్ ద ప్లానెట్ ఆఫ్ ద ఏప్స్' (2024) మొన్న మళ్లీ చూశాను. చివర్లో చింపాంజీలు నోఆ, సూనా టెలిస్కోప్‌లో ఏం చూశారు? వచ్చే సినిమాలో వ్యోమగాములు దిగి, కథ 1968 నాటి మొదటి సినిమాతో కలిసిపోతుందంటారా?

జవాబు: ఇదే మాట చాలామంది అడుగుతున్నారు కాబట్టి దీనికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. టెలిస్కోప్‌లో ఏముందో సినిమా చూపించదు, చూసినవాళ్ల ముఖాలే చూపిస్తుంది. ఇదే సిరీస్‌లో 2011లో వచ్చిన 'రైజ్'లో ఇకారస్ అనే నౌక అంగారకుడి దారిలో తప్పిపోయిందని ఒక పేపర్ హెడ్డింగ్ కనిపిస్తుంది. మొదటి సినిమాలోని నౌకకి అభిమానులు పెట్టుకున్న పేరూ అదే కావడంతో, అది ఎప్పుడు దిగుతుందా అని అప్పటి నుంచి అందరూ ఎదురుచూస్తున్నారు. దిగితే దిగొచ్చు. కానీ వెంటనే వచ్చే సినిమాలోనే దించేస్తే నాకు మాత్రం నచ్చదు.

ఎందుకంటే 1968 సినిమాలో వ్యోమగాములు 1972లో బయల్దేరి 3978లో దిగుతారు. అప్పటికి ఏప్స్‌కి, అంటే చింపాంజీలు, గొరిల్లాలు, ఒరాంగుటాన్లకి, కోర్టు ఉంది, మతగ్రంథం ఉంది, మనుషులేమో మాటరాని జంతువులైపోయారు. 'కింగ్‌డమ్'లో చూస్తే, ఏప్స్ మొదటి నాయకుడు సీజర్ పోయి ఎన్నో తరాలైనా నోఆ వాళ్లది ఒక చిన్న తెగ, గద్దల్ని పెంచుకుంటారు, గుర్రాలెక్కుతారు, చదవడం రాయడం తెలీదు. అటు మాట్లాడే మనుషులు ఇంకా మిగిలే ఉన్నారు, చివర్లో శాటిలైట్ పనిచేసి వేరే చోట ఉన్న మనుషులతో మాట కూడా కలిపారు. ఇక్కడి నుంచి అక్కడికి చేరాలంటే మధ్యలో చాలా జరగాలి. అదంతా దాటేసి నేరుగా నౌక దించేస్తే మనకి మిగిలేది పాత సినిమానే, కొత్త గ్రాఫిక్స్‌తో.

నన్ను నిజంగా పట్టుకున్న విషయం ఇంకోటి ఉంది. 1968 సినిమాలో ఏప్స్ పెద్దల్లో ఒకడైన డాక్టర్ జయస్‌కి నిజం తెలుసు. ఒకప్పుడు మనిషే ఈ భూమిని ఏలాడని తెలిసే దాస్తాడు, మాట్లాడే మనిషిబొమ్మ బయటపడిన గుహని పేల్చేయమంటాడు. మరి ఈ దాచడం మొదట ఎవరు మొదలుపెట్టారు? దుర్మార్గుడే మొదలుపెట్టి ఉండాలని ఏమీ లేదు కదా.

'కింగ్‌డమ్'లో మనుషుల పాత బంకర్లో నోఆ వాళ్లకి పిల్లల బొమ్మల పుస్తకం దొరికే సీన్ గుర్తు తెచ్చుకోండి. ఒక పేజీలో జూ ఉంటుంది, బోనుల్లో ఉన్నది తమలాంటి ఏప్సే. నోఆ ఆ పేజీ చూస్తాడు, అప్పుడు వాడి ముఖంలో ఉన్నది కోపం కూడా కాదు, అది చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఇప్పుడు తండ్రి లేడు, తెగని నడిపించాల్సింది తనే, రేపు పిల్లలు 'మనుషులంటే ఎవరు?' అని అడిగితే ఏం చెప్తాడు? ఉన్నది ఉన్నట్టు చెప్తే వాళ్లు పగతో పెరుగుతారు, అప్పుడు మనుషుల మీద పగతో సీజర్ మీదే తిరగబడ్డ కోబా లాంటి ఏప్ ఇంకొకడు పుట్టుకొస్తాడు. పోనీ పిల్లల మంచి కోసమే చెప్పకుండా ఊరుకుంటే, జయస్ వెళ్లిన దారిలో మొదటి అడుగు నోఆ వేసినట్టే. తర్వాతి కథ ఇక్కడి నుంచే మొదలవ్వాలని నా గట్టి నమ్మకం. సీజర్ మాటల్ని 'కింగ్‌డమ్'లోని ఏప్స్ రాజు ప్రాక్సిమస్ తనకి కావలసినట్టు తిప్పుకున్నది ఇప్పటికే చూశాం. మంచివాడి చేతిలో కూడా చరిత్ర ఎలా మారిపోతుందో చూపిస్తే అది ఇంకా గట్టిగా తగులుతుంది.

దాచేవాడు నోఆ ఒక్కడే కాదు. 'కింగ్‌డమ్' చివర్లో వీడ్కోలు చెప్పడానికి వచ్చిన మనిషి అమ్మాయి మే చేతిలో, వీపు వెనకాల, తుపాకీ ఉంటుంది. అది తెలియని నోఆ, ఒరాంగుటాన్ రాకా దగ్గర నుంచి వచ్చిన సీజర్ గుర్తు ఉన్న పతకాన్ని ఆమెకే ఇచ్చేస్తాడు. ఆ గుర్తు ఏమిటో తెలుసుగా, సీజర్ చిన్నప్పుడు పెరిగిన ఇంటి అటకగది కిటికీ. ఒక మనిషి ఇంట్లో ప్రేమగా పెరిగిన రోజుల గుర్తు, చేతిలో తుపాకీ పట్టుకున్న మనిషి దగ్గరకే తిరిగి చేరింది. ఆ పతకాన్ని మే ఏం చేసిందన్నది తర్వాతి సినిమాలో చూపించకపోతే నేను బాధపడతాను.

ప్రశ్న: వైరస్ మనుషుల మాట లాగేసింది కదా, మరి మే ఎలా మాట్లాడుతోంది?

జవాబు: మాట పోగొట్టే రకం 'వార్' (2017)లో వచ్చింది, అందులో ఏప్స్‌తో పోరాడే సైన్యాధికారి కల్నల్ తన సొంత కొడుకునే చంపుకున్నది దాని భయంతోనే. మే బయట తిరిగినా మాట పోలేదు. కానీ చివర్లో తనవాళ్లు బంకర్ తలుపు తీసినప్పుడు చూడండి, వాళ్లు ఒంటినిండా రక్షణ సూట్లు వేసుకుని ఉంటారు, మే మాత్రం మామూలు బట్టల్లో ఉంటుంది. అంటే వైరస్ పోలేదని వాళ్ల భయం. శాటిలైట్ దొరికింది, ఎక్కడెక్కడో మనుషులున్నారని తెలిసింది, అయినా తలుపు దాటి బయటికి వచ్చి గాలి పీల్చుకోలేరు. అలాంటివాళ్లు బయట హాయిగా తిరిగే ఏప్స్‌ని చూసి ఎన్నాళ్లు ఊరుకుంటారు? యుద్ధమంటూ వస్తే ఈ ఉక్కిరిబిక్కిరి నుంచే వస్తుందని నా ఊహ. అప్పుడు మే ఎటువైపు నిలబడుతుంది? ప్రాక్సిమస్ తెరవాలని చూసిన మనుషుల పాత బంకర్ని ఏప్స్ లోపల ఉండగానే వరదలో ముంచేసిన అమ్మాయి, కాబట్టి ఏప్స్ వైపు అని తేలిగ్గా అనలేను.

ప్రశ్న: సీజర్ మళ్లీ వస్తాడా?

జవాబు: రాడు, రాకూడదు. 'వార్' చివర్లో తనవాళ్లని క్షేమంగా చేర్చి, కొలను ఒడ్డున కన్నుమూశాడు. దాన్ని కదిపితే ఆండీ సెర్కిస్ మూడు సినిమాలు పడ్డ కష్టానికి విలువ ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయికి ఈ సిరీస్ చూపించాలనుకుంటున్నాను. 1968 సినిమాతో మొదలుపెట్టాలా?

జవాబు: వద్దండీ. 2011, 2014, 2017, 2024 వరుసలో ముందు ఈ నాలుగూ చూపించండి, సీజర్‌ని పసివాడిగా చూసి, వాడితో పాటు పెరగనివ్వండి. 'వార్' కొంచెం బరువుగా ఉంటుంది, చిన్నపిల్లాడైతే పక్కన కూర్చోండి. ఆ తర్వాత 1968 సినిమా పెట్టండి. చివరి సీన్ గురించి మాత్రం ముందే నోరు జారకండి, పోస్టర్ కూడా చూడనివ్వకండి, చాలా పోస్టర్ల మీద దాన్నే అచ్చేశారు.