ఆత్మను నమ్ముతూ పరిణామాన్ని ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ బైపీసీ. మనిషి వేరే జీవుల నుంచి వచ్చాడంటే ఇక ఆత్మ ఎక్కడిదమ్మా అంటున్నాడు. రెండూ నమ్మడం కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: కుదురుతుందండీ, కాకపోతే ఆత్మ అంటే మీరు ఏమనుకుంటున్నారో దాన్ని బట్టి. డార్విన్‌తో పాటు 1858లో ప్రకృతి వరణాన్ని (పరిసరాలకు తగిన లక్షణాలున్న జీవులే ఎక్కువగా బతికి పిల్లల్ని కనడం, అలా తరతరాలుగా జాతులు మారడం) లోకానికి చెప్పిన వాలెస్‌కే ఈ చిక్కు వచ్చింది. శరీరం వరకూ సరే గానీ, లెక్కలు కట్టి పాటలు పాడే మనసు మాత్రం అలా రాలేదు, దాని వెనక ఇంకేదో ఉన్నతమైన శక్తి ఉందని 1869లో రాశాడు, డార్విన్ చాలా బాధపడ్డాడు. నేను డార్విన్ పక్షమే. ఇవాళ వివరణ దొరకని చోటల్లా ఆత్మను కూర్చోబెడితే, రేపు వివరణ దొరికాక అక్కడి నుంచి లేపాల్సి వస్తుంది కదా!

కేథలిక్ చర్చిది మరో దారి. శరీరం పూర్వజీవుల నుంచి వచ్చిందేమో పరిశోధించుకోవచ్చు, ఆత్మను మాత్రం దేవుడే నేరుగా సృష్టిస్తాడని 1950లో పోప్ పన్నెండో పయస్ అన్నారు. మరి ఆ ఆత్మ ఏ తరంలో మొదలైంది? తల్లి ఒక జాతి, బిడ్డ ఇంకో జాతి అనే గీత మన వంశంలో ఎక్కడా దొరకదు, అందుకే ఆ దారి నాకు కష్టంగా తోస్తుంది.

చీమలోనూ చెట్టులోనూ జీవుడున్నాడనే మన సంప్రదాయాలకు ఈ గీత అవసరమే లేదు. అయితే దశావతారాల్లో డార్విన్ చెప్పిందంతా ముందే ఉందని మాత్రం అబ్బాయికి చెప్పకండి. అందులో చేప, తాబేలు ఉన్నాయి గానీ ప్రకృతి వరణం లేదు.