పర్లాకిమిడి దుకాణానికి క్లౌడ్ ఖాతా: ఏ చిరునామా ఇవ్వాలి?

దుకాణం ఒడిశాలోని పర్లాకిమిడిలో, ఇల్లు ఆంధ్రాలోని పాతపట్నంలో, ఫోను నంబరు ఆంధ్రాది. క్లౌడ్ హోస్టింగ్ (వెబ్‌సైటు నడిపే అద్దె సర్వరు) ఖాతాకు ఏ చిరునామా ఇవ్వాలి, సొంత పేరు మీద తెరిస్తే సరిపోదా అని అడిగారు. జీఎస్టీ నంబరు ఉంది కాబట్టి వ్యాపార ఖాతాయే తెరవండి, దుకాణం చిరునామాయే ఇవ్వండి. ఈ రెండు ముక్కలు ముందే చెప్పేవాళ్లు లేక నేను ఆరు నెలల పన్ను పోగొట్టుకున్నాను.

మాది ఒడిశాలోని బరంపురంలో పట్టుచీరల టోకు దుకాణం, ఇల్లు ఆంధ్రాలోని ఇచ్ఛాపురంలో. ఖాతా తెరిచిన రోజు ఇంట్లో కూర్చుని ఉన్నాను కాబట్టి, చేతికి అలవాటైన ఇంటి చిరునామా 532312 పిన్ కోడుతో సహా కొట్టేశాను. జీఎస్టీ గడి ఎక్కడో అడుగున ఉంది, తప్పనిసరి కాదని రాసి ఉంది, వదిలేశాను. నెలకు 4,200 రూపాయల బిల్లు, దాని మీద 18 శాతం పన్ను, అంటే 756. ఆరు నెలలయ్యాక మా ఆడిటరు గారు జీఎస్టీఆర్-2బీ (మనం కొన్నవాటి మీద మనకు జమయ్యే పన్నును చూపే జీఎస్టీ పట్టీ) తెరిచి, "ఈ బిల్లులు ఇందులో ఎందుకు లేవు?" అన్నారు. మన నంబరు లేని బిల్లు అక్కడికి చేరదు, ఆ పన్ను మన జీఎస్టీ ఖాతాలో జమ కాదు. హోస్టింగ్ వాళ్లను అడిగితే, ఇకపై వచ్చే బిల్లులకే నంబరు వేస్తాం, పాతవి మార్చం అన్నారు. 4,536 రూపాయలు. మునిగిపోయేంత మొత్తం కాదు గానీ, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సరే, నంబరు చేర్చబోతే ఇంకో చిక్కు. ఒడిశా నంబర్లు 21తో మొదలవుతాయి, ఆంధ్రావి 37తో. నా చిరునామా ఆంధ్రా, నంబరు ఒడిశా. తిప్పి పంపారు. చిరునామా మార్చి కాగితాలు పంపితే మళ్లీ కుదరదన్నారు, ఈసారి ఊరి పేరు దగ్గర. మనం బరంపురం అంటాం, జీఎస్టీ పత్రంలో బ్రహ్మపుర్ అని ఉంది, బ్యాంకు పుస్తకంలో బెర్హంపూర్. ఎక్కడో కూర్చుని కాగితాలు చూసే మనిషికి అవి రెండు వేర్వేరు ఊళ్లు! చివరికి జీఎస్టీ పత్రంలో ఉన్నది ఉన్నట్టు, కామాలతో సహా, ఖాతాలోకి దించాను. అప్పుడు ఒప్పుకున్నారు. పర్లాకిమిడిని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో మీకు నేను చెప్పనక్కర్లేదు. కాబట్టి ఆ పత్రం పక్కన పెట్టుకుని కూర్చోండి.

మీది సొంత వ్యాపారమైతే పాన్ కార్డు మీ పేరు మీదే ఉంటుంది. జీఎస్టీ నంబరులోని 15 అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రానివి, తర్వాతి పదీ మీ పానే. అందుకే పాన్ మీది పేరు అడిగిన చోట మీ పేరు, వ్యాపారం పేరు అడిగిన చోట దుకాణం పేరు రాయండి. నేను రెండు చోట్లా దుకాణం పేరే రాసి ఇంకో వారం పోగొట్టుకున్నాను.

సర్వరు ఎక్కడుండాలన్నది వేరే సంగతి. నేను వాడేది కాదు గానీ, అమెజాన్ క్లౌడ్‌కు 2016 నుంచి ముంబైలో, 2022 నుంచి హైదరాబాదులో సర్వరు కేంద్రాలున్నాయి. సర్వరు ఎక్కడ పెట్టుకున్నా బిల్లు చిరునామా ఒడిశాదే. ఆంధ్రా ఫోను నంబరుతో నాకే ఇబ్బందీ రాలేదు, ఓటీపీ వస్తే చాలు. కార్డు నుంచి నెలనెలా దానంతటదే కట్టేలా పెడితే, 15,000 దాటిన బిల్లుకు మాత్రం మీరు ఓటీపీ ఇవ్వాల్సి ఉంటుంది. మర్చిపోతే సైటు ఆగుతుంది.

వెబ్‌సైటు చేసే కుర్రాడి మెయిలుతో మాత్రం ఖాతా తెరవనివ్వకండి. మా మొదటి సైటు అలాగే తెరిచాం. అతను ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు. పాస్‌వర్డు మార్చాలంటే కోడు అతని మెయిలుకే వెళ్తుంది. పండగ అమ్మకాల మధ్య సైటు ఆగిపోతే, అతని షిఫ్టు అయ్యేదాకా రాత్రి పదకొండు వరకు కొట్టు మూయకుండా ఫోను పట్టుకుని కూర్చున్నాను. దుకాణం పేరుతో కొత్త మెయిలు తెరవండి, రెండంచెల తనిఖీ మీ ఫోనులో పెట్టుకోండి, అతనికి పనికి సరిపడా వేరే లాగిన్ ఇవ్వండి.