మంచు లేకపోయినా కొందరు ఫాగ్ లైట్లు వేసుకుని ఎందుకు నడుపుతారు? అలాంటి కారు వెనక మనం పోతున్నప్పుడు ఏం చేయాలి?

మీరు అడిగింది ముందు వైపు లైట్ల గురించా, వెనక లైటు గురించా అన్నది ప్రశ్నలో లేదు. రెండూ వేరు వేరు గొడవలు. నన్నడిగితే కంపెనీ నుంచి వచ్చిన ముందు ఫాగ్ లైట్లు ఊరికే వేసుకుని తిరిగేవాళ్ళ వల్ల మిగతావాళ్ళకి చిరాకే తప్ప పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదమంతా వెనక ఆ ఎర్ర ఫాగ్ లైటు వేసేసి మర్చిపోయేవాళ్ళతోనూ, బయట కొని బిగించుకున్న ఎల్‌ఈడీ లైట్లవాళ్ళతోనూ. మొదట ఎర్ర లైటు సంగతి చెప్తాను.

నా ఉద్యోగం హైదరాబాద్‌లో, అమ్మానాన్నలు ఉండేది నందిగామ దగ్గర. కాబట్టి విజయవాడ హైవే మీద రాత్రి డ్రైవింగ్ నాకు తప్పదు, ఎక్కువగా శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరతాను. వానాకాలం మొదలైందంటే చాలు, పంతంగి టోల్ దాటేలోపు ఇలాంటి కారు ఒకటైనా తగులుతుంది. వెనక కుడి పక్కన ఒక్క ఎర్ర లైటు భగభగ మండుతుంటుంది, ఎడమ పక్కన మామూలు టెయిల్ లైటే. దూరం నుంచి చూస్తే బ్రేక్ వేశాడనిపించి మనమూ కాలు బ్రేక్ మీదకి తీసుకెళ్తాం. దగ్గరికొచ్చాక తెలుస్తుంది, అతను బ్రేకూ వేయలేదు, ఏమీ లేదు, వంద స్పీడులో హాయిగా పోతున్నాడని.

బల్బులుండే కార్లలో టెయిల్ లైటు మామూలుగా 5 వాట్లు, బ్రేక్ లైటు 21 వాట్లు. వెనక ఫాగ్ లైటుకీ అదే 21 వాట్ల బల్బు వాడతారు. చిక్కటి మంచులో ఆ మాత్రం లేకపోతే వెనకొచ్చేవాడికి బండి కనపడదు కాబట్టి అలా పెట్టారు. మంచు లేని రాత్రి అది అచ్చంగా, ఎప్పుడూ ఆరని బ్రేక్ లైటులా ఉంటుంది. వానలో అయితే ఇంకా ఘోరం, ఆ ఎరుపు మన ముందు అద్దం మీద ప్రతి చుక్కలోనూ మెరిసి అద్దమంతా అలుక్కుపోతుంది, వైపర్ అటు తిరిగిన క్షణం మాత్రం రోడ్డు కనిపించి మళ్ళీ ఎర్రగా అయిపోతుంది. దానికన్నా పెద్ద బాధ ఏమిటంటే అతను నిజంగా బ్రేక్ నొక్కినప్పుడు మనకి తేడా వెంటనే తెలియదు. వంద స్పీడులో సెకనుకి దాదాపు 28 మీటర్లు వెళ్తాం. ఆ ఒక్క సెకను ఆలస్యమైనా ఎక్కడ ఉంటామో మీరే లెక్కేసుకోండి.

పోయిన వానాకాలంలో నకిరేకల్ దగ్గర ఒక తెల్ల ఎస్‌యూవీ ఇలాగే దొరికింది. దాటేద్దామంటే పక్క లేన్‌లో వరసగా లారీలు. కొర్లపహాడ్ టోల్ దాకా దాని వెనకే నడిపి, సూర్యాపేటలో టీకి ఆగితే అదే బండి అక్కడ ఆగి ఉంది. ఊరుకోలేక వెళ్ళి, "సార్, మీ వెనక ఫాగ్ లైటు వెలుగుతోందండీ" అన్నాను. మా నాన్న వయసాయన. వెనక్కి వచ్చి చూసి, "అదా బాబూ, ఎడమ పక్కది కాలిపోయింది. విజయవాడలో మార్పించాలి" అన్నాడు. కాలిపోలేదండీ, మీ బండికి ఆ లైటు కుడి పక్కన ఒక్కటే ఇస్తారు, ఎడమ పక్కన అదే చోట ఉన్నది రివర్స్ లైటు అని చెప్పాను. నమ్మలేదు. ఇంజిన్ ఆన్ చేయించి, ఇండికేటర్ కాడ మీదున్న రింగు ఒక్క మెట్టు వెనక్కి తిప్పితే మీటర్‌లో పసుపు బొమ్మ ఆరిపోయింది, వెనక లైటూ ఆరిపోయింది. పక్క సీట్లో కూర్చున్న ఆవిడ, "ఆ బొమ్మ ఎప్పటినుంచో వెలుగుతోంది, అడిగితే ఏసీదేమోలే అన్నారుగా మీరు" అని ఆయన్ని ఒక చూపు చూసింది. ఆయన నాకు టీ ఇప్పించాడు.

మీ "ఎందుకు" అన్న ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది. ఎవరూ చెప్పరు. కొత్త కారు డెలివరీ ఇచ్చేటప్పుడు షోరూమ్ అబ్బాయి ఫోన్ బ్లూటూత్‌కి కలిపి చూపిస్తాడు, పాటలు పెట్టి చూపిస్తాడు, కొబ్బరికాయ కొట్టిస్తాడు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిస్తాడు, ఫాగ్ లైటు స్విచ్ దగ్గరికి మాత్రం రాడు. గుర్తుపట్టడం తేలికే. ముందు ఫాగ్ లైట్ల బొమ్మ ఆకుపచ్చ, అందులో గీతలు ఎడమ వైపుకి ఉంటాయి. వెనకదాని బొమ్మ పసుపు, గీతలు కుడి వైపుకి. రెండింటిలోనూ ఆ గీతల్ని అడ్డంగా కోస్తూ ఒక వంకర గీత ఉంటుంది, అది మంచన్నమాట. పసుపు బొమ్మ వెలుగుతోందంటే మీరే వెనకవాళ్ళని ఏడిపిస్తున్నారని అర్థం.

మిగతా సగం జవాబు షో. మన దగ్గర చాలా మోడళ్ళలో ముందు ఫాగ్ లైట్లు పై వేరియంట్లలోనే ఇస్తారు, డబ్బు పెట్టాం కదా వెలగనీ అన్న ధోరణి. హెడ్‌లైట్లు ఆపేసి పార్కింగ్ లైట్లు, ఫాగ్ లైట్లు మాత్రమే వేసుకుని సిటీలో తిరిగేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది, చూడ్డానికి బాగుంటుందట. అలాగని కింద లైటు వెలిగిన ప్రతివాణ్ణీ తిట్టకండి. పగటిపూట వెలిగే డీఆర్‌ఎల్ లైట్లు వేరు. కొన్ని కార్లలో మలుపు తిరిగేటప్పుడు ఆ పక్క ఫాగ్ లైటు ఒక్కటే దానంతటదే వెలుగుతుంది, అది కార్నరింగ్ లైటు, డ్రైవర్ తప్పేమీ లేదు.

"ఫాగ్ లైట్లు వేస్తే రోడ్డు బాగా కనిపిస్తుంది" అనే వాదన ఒకటి ఉంది. బాగా కనిపిస్తున్నట్టు అనిపిస్తుంది, అంతే. ముందు ఫాగ్ లైటు బంపర్‌లో కిందుగా ఉండి, వెలుగుని వెడల్పుగా, దగ్గరగా, పై అంచు కోసేసినట్టు పరుస్తుంది. మంచులో హై బీమ్ వేస్తే ఆ వెలుగంతా మంచు మీద పడి మన కళ్ళలోకే తిరిగొస్తుంది కాబట్టి ఈ ఏర్పాటు, నెమ్మదిగా పోతూ రోడ్డు అంచు, తెల్ల గీత చూసుకోడానికి. మామూలు రాత్రి హైవే మీద వేస్తే బానెట్ ముందు కాస్త మేర మెరిసిపోతుంది, కళ్ళు ఆ వెలుగుకి అలవాటు పడి దూరాన లైటు లేకుండా ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీ ఇంకా ఆలస్యంగా కనిపిస్తుంది. పసుపు రంగు మంచుని చీల్చుకుపోతుందన్నది కూడా చాలావరకు అపోహే. మంచు బిందువులు కాంతి తరంగాలకన్నా చాలా పెద్దవి, అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. పసుపుతో కంటికి శ్రమ తగ్గుతుందంటే ఒప్పుకుంటాను.

ఇక బయట బిగించుకునే లైట్లు. నాలుగు లేన్ల హైవే మీద మధ్యలో డివైడర్ ఉంది కాబట్టి బతికిపోతున్నాం. అసలు నరకం నందిగామ నుంచి మధిర వైపు వెళ్ళే రోడ్డు లాంటి సింగిల్ రోడ్ల మీద. ఎదురుగా వచ్చేది బైకో, ఆటోనో, కారో కూడా తెలియదు, రెండు తెల్ల గోళాలు కళ్ళలో గుచ్చుకుంటాయి. హ్యాలోజన్ బల్బు కోసం చేసిన గిన్నెలో, అంటే బల్బు వెనకుండే రిఫ్లెక్టర్‌లో, ఎల్‌ఈడీ పెడితే వెలుగు పుట్టే చోటు మారిపోతుంది, పై అంచు కోత పోయి వెలుగు ఎటు పడితే అటు చిమ్ముతుంది. బైకుల మీద హ్యాండిల్ దగ్గర బిగించే చిన్న ఎల్‌ఈడీలైతే పేరుకే ఫాగ్ లైట్లు. బైకువాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, కంపెనీ ఇచ్చిన హెడ్‌లైట్ సరిపోని బళ్ళు చాలా ఉన్నాయి, ఊళ్ళ రోడ్ల మీద గుంటలూ గేదెలూ ఉంటాయి. పెట్టుకోండి, కాకపోతే కిందికి వంచండి, ఎదుటి బండి కనపడగానే ఆపండి. గోడకి ఎదురుగా 8 మీటర్ల దూరంలో బండి నిలబెట్టి లైటు వేస్తే, వెలుగు పై అంచు లైటు ఉన్న ఎత్తుకన్నా కిందే పడాలి. ఆటోనగర్‌లో మెకానిక్‌కి అడిగి మరీ చెప్తే స్క్రూ తిప్పి సరిచేస్తాడు, అడక్కపోతే చేయడు.

చట్టం లేక కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వ నియమం ఇదే చెప్తుంది, 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో కన్ను ఉన్న మనిషికి కళ్ళు చెదరకూడదని. అనుమతి లేకుండా బండిలో మార్పులు చేస్తే 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. హెల్మెట్‌కి ఫొటో తీసినంత తేలిగ్గా దీనికి తీయలేరు, అందుకే నా కళ్ళ ముందు ఇంతవరకు ఎవరికీ పడలేదు.

మరి ఎప్పుడు వేయాలి? బ్రిటన్‌లో 100 మీటర్ల అవతల కనపడనప్పుడు అంటారు, మంచు తగ్గగానే ఆపేయాలి. జర్మనీలో వెనక ఫాగ్ లైటుకి 50 మీటర్లు, పైగా అప్పుడు గంటకి 50 కిలోమీటర్లు దాటకూడదు. ఆ జర్మనీ లెక్క నాకు నచ్చింది, 50 మీటర్లు కూడా కనపడనివాడు వందలో ఎలా పోతాడు? మనకి సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున కోదాడ దాటాక పొలాల మధ్య అలాంటి మంచు నిజంగానే పడుతుంది. లో బీమ్, ముందు వెనక ఫాగ్ లైట్లు, స్పీడు బాగా తగ్గించడం, అంతే. కానీ అప్పుడు చూడండి తమాషా, వేయాల్సిన ఆ ఒక్క రోజు ఫాగ్ లైట్లు వేయకుండా నాలుగు ఇండికేటర్లూ వేసుకుని పోతుంటారు. ఎవడు ఆగాడో, ఎవడు లేన్ మారుతున్నాడో దేవుడికే తెలియాలి.

వెనకున్నప్పుడు ఏం చేయాలంటే, హై బీమ్ కొట్టి చెప్పాలని చూడకండి. అతనికి అర్థం కాదు. దారి అడుగుతున్నారనుకుని పక్కకి తప్పుకుంటాడు, లేదా పంతానికి పోతాడు. వీలుంటే దాటేయండి. వీలు లేకపోతే దూరం బాగా పెంచి, కింద లైట్లు వదిలేసి వెనక అద్దం పైన ఉండే మూడో బ్రేక్ లైటు మీద కన్నేయండి, ఫాగ్ లైటుతో సంబంధం లేకుండా అది బ్రేక్ నొక్కితేనే వెలుగుతుంది. పాత బళ్ళలో అదీ ఉండదు, అలాంటప్పుడు నేనైతే ఏదో ఒక హోటల్ దగ్గర ఆగి అతన్ని పోనిస్తాను.