ట్రైలర్ బరువంతా పికప్ మీద రాసి క్లెయిమ్ కొట్టేశారు: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: పికప్‌కు ట్రైలర్ తగిలించి జనరేటర్ తీసుకెళ్తుంటే లారీ రాంగ్ సైడ్‌లో ఎదురొచ్చింది. తప్పించబోయి కాలువలో బోల్తా పడ్డాం. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. రిపేరుకు 4.20 లక్షలైంది. ఓవర్‌లోడ్ అంటూ బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించి 20 నెలలైంది. ఎనిమిదేళ్లుగా ఒక్కరోజు ఆలస్యం లేకుండా ప్రీమియం కట్టినవాణ్ని. రిపేరుకు ఇంట్లో నగలు తాకట్టు పెట్టాను. తెలిసిన కాటా ఆయన అప్పటి తేదీతో, తక్కువ బరువుతో చీటీ ఇస్తానంటున్నాడు. వాడుకోవచ్చా?

జవాబు: మీరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఎనిమిదేళ్ల ప్రీమియం గానీ, తాకట్టులోని నగలు గానీ వినియోగదారుల కమిషన్ ముందు అక్కరకు రావు. మీ కేసును నిలబెట్టే వాక్యం ఒక్కటే ఉంది, దాన్ని మీరు నాలుగో పేజీ అడుగున దాటేశారు: లారీ డ్రైవర్ మీద ఎఫ్‌ఐఆర్ కట్టారు, బండి దొరకలేదని కేసు మూసేశారు.

బండిలో బరువు ఎక్కువుందని చూపిస్తే బీమా కంపెనీకి సరిపోదు. ఆ బరువు వల్లే ప్రమాదం జరిగిందని రుజువు చేయాల్సిన భారం కూడా కంపెనీదే. లఖ్మీ చంద్ కేసులో (2016) సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అక్కడ గూడ్స్ బండిలో అనుమతికి మించి మనుషులున్నారు, అయినా ప్రమాదానికి కారణం ఎదుటి బండి డ్రైవర్ నిర్లక్ష్యం. మీదీ అదే తరహా. కాబట్టి ముందు ఎఫ్‌ఐఆర్, పంచనామా, రఫ్ స్కెచ్ (పోలీసులు గీసిన ప్రమాద స్థలం పటం), బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, పోలీసుల తుది నివేదిక, అన్నింటికీ సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి.

వీటిలో రఫ్ స్కెచ్ విలువ మీకు తెలిసినట్టు లేదు. సరుకు ట్రైలర్ ఇరుసుకు వెనకపక్క ఎక్కువైతే పికప్‌కు తగిలించే కొక్కెం మీద బరువు తగ్గిపోతుంది. వేగం అందుకోగానే ట్రైలర్ ఊగుతూ పికప్ వెనకభాగాన్ని అటూ ఇటూ లాగుతుంది. అలా పడిన బండి టైరు జాడలు పాములా మెలికలు తిరుగుతాయి. మీరు పంపిన స్కెచ్‌లో జాడ ఎడమకు ఒకే గీతగా దిగి కాలువలో ఆగింది. అది ఎదురొచ్చినదాన్ని తప్పించుకున్న బండి జాడ.

ఇక నష్టాన్ని అంచనా వేసిన బీమా సర్వేయర్ లెక్క. మీ ఆర్‌సీ ప్రకారం పికప్ ఖాళీ బరువు 1,690 కిలోలు, మొత్తం అనుమతి 2,990. అంటే 1,300 మోయొచ్చు. ఆయన తొట్టిలోని 850 కిలోల సామానుకు జనరేటర్ 950, ట్రైలర్ 350 కలిపి 2,150 అని రాశారు. ట్రైలర్ బరువును మోసేది ట్రైలర్ చక్రాలే. పికప్ మీద పడేది కొక్కెం దగ్గర దిగే భారం మాత్రమే. సరుకు సరిగ్గా సర్దితే అది నిండు ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం, అంటే జనరేటర్, ట్రైలర్ కలిపి 1,300లో 130 నుంచి 195 కిలోలు. సామాను 850, మనుషులిద్దరూ 150 కలిపినా 1,195 దాటదు.

కాగితం మీది ఈ లెక్కను కాటా మీద నిరూపించాలి. అదే జనరేటర్, అదే ట్రైలర్, అదే పికప్‌తో మూడు తూకాలు వేయించండి. మొదటిది ఖాళీ పికప్. రెండోది నిండు ట్రైలర్ తగిలించి, పికప్ చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి. మూడోది ట్రైలర్ విప్పి, అదొక్కటే. రెండో తూకంలోంచి మొదటిది తీసేస్తే కొక్కెం మీది భారం వస్తుంది. చీటీల మీద ఈనాటి తేదీయే ఉండాలి. రిటైరైన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఎవరైనా దగ్గరుండి అఫిడవిట్ ఇస్తే ఇంకా మంచిది. ప్రమాదం రోజు జనరేటర్ ఎక్కడ పెట్టారో కనిపించే ఫోన్ ఫొటోలుంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం) జతచేయండి. బండి మాన్యువల్‌లో ట్రైలర్ లాగే పరిమితి ఎంత రాశారో కూడా ముందే చూసుకోండి. అది 1,300 కన్నా తక్కువైతే ఎదుటి లాయరు మొదట తెరిచేది ఆ పేజీనే.

పాత తేదీ చీటీ జోలికి పోవద్దు. అది ఫోర్జరీ. మోసం కోసం చేసిన ఫోర్జరీకి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336(3) కింద ఏడేళ్ల దాకా జైలు. దాన్ని అసలుదిగా వాడితే సెక్షన్ 340. కంప్యూటర్ కాటాల్లో చీటీ వరుస నంబరూ సమయమూ సాధారణంగా నిల్వ ఉంటాయి, ఒక్క సమన్‌తో బయటపడతాయి. గెలిచే కేసును చేతులారా క్రిమినల్ కేసు చేసుకుంటానంటే ఏ లాయరూ కాపాడలేడు.

గడువు విషయంలో మీ అజాగ్రత్త క్షమించరానిది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. తిరస్కరణ లేఖ తేదీ నుంచి లెక్కేస్తే మీకు నాలుగు నెలలే ఉన్నాయి. మెయిళ్లు పెడుతూ కూర్చుంటే గడువు పెరగదు. ప్రమాదం తేదీ నుంచే లెక్కించాలని కంపెనీ వాదించొచ్చు. అందుకే ఆలస్యం మన్నించమనే పిటిషన్ కూడా జతచేయండి.

ట్రైలర్ బీమా రెన్యువల్ చేయలేదని మీరే రాశారు. చట్టం దృష్టిలో ట్రైలర్ వేరే మోటారు వాహనం. ఆ రోజు ఎవరైనా పోయుంటే పరిహారం మీ ఆస్తుల్లోంచి కట్టాల్సిన పరిస్థితి వచ్చేది. ముందు ఆ బీమా కట్టండి. అయితే కంపెనీ ఇప్పుడు దీన్ని సాకుగా చూపడం కుదరదు, తిరస్కరణ లేఖలో ఓవర్‌లోడ్ తప్ప వేరే కారణం లేదు. లేఖలో లేని కారణాన్ని తర్వాత తేలేరని సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో (2019) సుప్రీంకోర్టు తేల్చింది. మీరు మాత్రం ట్రైలర్‌కైన నష్టాన్ని ఈ క్లెయిమ్‌లో కలపొద్దు.

ఫిర్యాదు మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. కట్టిన ప్రీమియం 5 లక్షలు దాటలేదు కాబట్టి ఫీజు లేదు. ఇది బాడుగ బండి, మీరు వినియోగదారు కాదని కంపెనీ అంటుంది. బీమా తీసుకున్న వ్యాపారి కూడా వినియోగదారే కావచ్చన్న హర్సోలియా మోటార్స్ తీర్పు (2023) చూపించండి. రిపేరు మొత్తం, వడ్డీ, ఖర్చులు అడగండి. అది కుదరకపోతే అమలేందు సాహూ తీర్పు (2010) ప్రకారం క్లెయిమ్‌లో 75 శాతమైనా ఇప్పించమని ప్రత్యామ్నాయంగా కోరండి. సర్వే రిపోర్టు కాపీ కోసం ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో రాయండి.

జనరేటర్ అమ్మకానికి పెట్టానన్నారు. ఆ మూడు తూకాలయ్యేదాకా ఆపండి.