ఆపరేషన్ చేసే డాక్టరుకు పరిశోధన ఎందుకు?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. మా అమ్మాయి నెల్లూరులో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతోంది. గైనకాలజీలో పీజీ చేసి, స్త్రీలకు చేసే ఆపరేషన్ల మీద పరిశోధన చేస్తానంటోంది. చేతినిండా ఆపరేషన్లు ఉండే డాక్టరుకు పరిశోధనతో పనేమిటో నాకు అర్థం కావడం లేదు. పీజీ అయ్యాక కావలిలోనే నర్సింగ్ హోమ్ పెట్టుకుంటే చాలదా? ఈలోగా క్లినికల్ రీసెర్చ్ డిప్లొమా చేయిస్తే మంచిదని ఒక సంస్థ వాళ్లు పదే పదే ఫోన్ చేస్తున్నారు. బీఫార్మసీ పూర్తి చేసిన మా తమ్ముడి కూతురికీ అదే కోర్సు చెబుతున్నారు. చేర్పించమంటారా?

జవాబు: ముందు డిప్లొమా సంగతి తేల్చేద్దాం. మీ అమ్మాయికి అది అక్కర్లేదు. ఎంబీబీఎస్ చదువుతున్న పిల్లకు పరిశోధన నేర్పే దారులు ఆమె కాలేజీలోనే ఉన్నాయి. వాటికి లక్షలు పోయనవసరం లేదు. మీ తమ్ముడి కూతురి విషయం వేరు, చివర్లో చెబుతాను.

ఇక అసలు ప్రశ్న. ఇది చాలామంది తల్లిదండ్రుల మనసులో ఉన్నదే. ఆపరేషన్ బాగా చేయడం చేతి నైపుణ్యం, అది వస్తే చాలు కదా అనుకుంటాం. చాలదని చెప్పడానికి గైనకాలజీలో ఈ మధ్య జరిగిన ఒక ట్రయల్ కథ మీకు చెప్పాలి. ట్రయల్ అంటే రోగులను వర్గాలుగా చేసి చికిత్సలను పోల్చి చూసే అధ్యయనం.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలి దశలో ఉంటే గర్భసంచితో పాటు దాని చుట్టూ ఉన్న కణజాలాన్ని కూడా తీసేస్తారు. దాన్ని రాడికల్ హిస్టరెక్టమీ అంటారు. పూర్వం పొట్ట కోసి చేసేవారు. లాప్రోస్కోపీ, ఆపైన రోబో వచ్చాక చిన్న రంధ్రాలు పెట్టి చేయడం మొదలైంది. రక్తం తక్కువ పోతుంది, నొప్పి తక్కువ, రోగి తొందరగా ఇంటికి వెళ్తుంది. చేసిన డాక్టర్లకూ తృప్తి, చేయించుకున్నవారికీ తృప్తి. ప్రపంచమంతా ఆ పద్ధతి వైపు మొగ్గింది. పాత కేసు షీట్లు తిరగేసి రాసిన వ్యాసాలు కూడా రెండు పద్ధతులూ సమానమే అన్నాయి.

2008లో ఎల్‌ఏసీసీ అనే ట్రయల్ మొదలుపెట్టారు. వేర్వేరు దేశాల్లోని 33 ఆసుపత్రులు, 631 మంది స్త్రీలు. ఎవరికి ఏ పద్ధతిలో ఆపరేషన్ చేయాలో డాక్టరు ఇష్టానికి వదలకుండా లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. ఫలితాలు 2018లో వెలువడ్డాయి. నాలుగున్నరేళ్ల నాటికి జబ్బు తిరగబెట్టకుండా బతికి ఉన్నవారు పొట్ట కోసి చేసిన వర్గంలో 96.5 శాతం, చిన్న రంధ్రాల వర్గంలో 86 శాతం. మూడేళ్ల నాటికి ప్రాణాలతో ఉన్నవారు మొదటి వర్గంలో 99 శాతం, రెండో వర్గంలో 93.8 శాతం. తేడా కనబడగానే ట్రయల్‌ను అనుకున్నదానికంటే ముందే ఆపేశారు. ఆ తర్వాత ప్రపంచవ్యాప్తంగా చికిత్సా మార్గదర్శకాలు మారాయి.

ఈ తేడాను ఏ సర్జనూ ఆపరేషన్ బల్ల దగ్గర నిలబడి చూడలేడు. ఆపరేషన్ అయిన రోజున రెండు వర్గాల వాళ్లూ బాగానే ఉన్నారు, చిన్న రంధ్రాల వాళ్లు ఇంకాస్త బాగా ఉన్నారు. కీడు ఏళ్లు గడిచాక బయటపడింది. మన దగ్గరే చూడండి. కావలిలో ఆపరేషన్ చేయించుకున్న ఒకావిడకు మూడేళ్ల తర్వాత జబ్బు తిరగబెడితే ఆమె వెళ్లేది చెన్నైకో, వెల్లూరుకో, తిరుపతికో. మొదట ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఆ కబురే అందదు. తన రోగులంతా క్షేమంగా ఉన్నారనే ఆయన నమ్ముతారు. ఆ నమ్మకంలో కపటం ఏమీ లేదు. లెక్క లేదు, అంతే. ఆ లెక్క రాసేవాళ్లు ఉండాలి. మీ అమ్మాయి చేస్తానంటున్న పని అదే.

పరిశోధన అన్నిసార్లూ ఇలా హెచ్చరికగానే రాదు. అదే క్యాన్సర్‌లో, కణితి 2 సెంటీమీటర్లకు మించని తక్కువ ప్రమాదం ఉన్న స్త్రీలకు అంత పెద్ద ఆపరేషన్ అవసరమా అని షేప్ అనే ట్రయల్‌లో పరీక్షించారు. 700 మంది మీద జరిగింది, 2024లో అచ్చయింది. మూడేళ్ల నాటికి కటి భాగంలో జబ్బు తిరగబెట్టినవారు పెద్ద ఆపరేషన్ వర్గంలో 2.17 శాతం, గర్భసంచి వరకే తీసే మామూలు హిస్టరెక్టమీ వర్గంలో 2.52 శాతం. తేడా 4 శాతానికి మించకూడదని ముందే గీత గీసుకుని మొదలుపెట్టారు, అంతకంటే చాలా తక్కువే వచ్చింది. చిన్న ఆపరేషన్ చేయించుకున్నవారికి మూత్ర సమస్యలూ తగ్గాయి. ఒక స్త్రీ మిగతా జీవితమంతా మూత్రం ఆపుకోలేక ఇబ్బంది పడకుండా ఉండటం చిన్న లాభమా?

ఇవన్నీ విదేశాల్లో జరిగేవి, మనకెందుకు అనుకోకండి. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 630 మందికి పైగా స్త్రీల మీద ఇలాంటిదే ఒక ట్రయల్ చేశారు. ఇదే క్యాన్సర్ కాస్త ముదిరిన దశలో ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేయడం మేలా, లేక కీమో, రేడియేషన్ కలిపి ఇవ్వడం మేలా అన్నది ప్రశ్న. ఐదేళ్ల నాటికి జబ్బు లేకుండా ఉన్నవారు ఆపరేషన్ వర్గంలో 69.3 శాతం, రేడియేషన్ వర్గంలో 76.7 శాతం. ఇక్కడ ఆపరేషన్ వెనకబడింది. కత్తి పట్టే డాక్టరు ఎప్పుడు పట్టకూడదో కూడా తెలుసుకోవాలి. ఆ తెలివి ఇలాంటి లెక్కల నుంచే వస్తుంది.

మన రాష్ట్రం సంగతి దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మీ అమ్మాయికి నిజమైన అవకాశం ఇక్కడే ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశ సగటుకు రెండున్నర రెట్లు మించి. తెల్లబట్ట, అధిక రక్తస్రావం, నడుము నొప్పి లాంటి వాటికి, ముందు మందులతో ప్రయత్నించాల్సిన చోట కూడా, ముప్పై దాటగానే గర్భసంచి తీసేసిన కేసులు మన పల్లెల్లో ఎన్నో. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ముట్లు ఆగిపోతాయి, ఎముకలు బలహీనపడతాయి, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. అనవసరమైన హిస్టరెక్టమీలను అడ్డుకోవడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ఉదయగిరి, ఆత్మకూరు, కనిగిరి, పొదిలి వైపు నుంచి వచ్చే స్త్రీలలో ఎవరికి ఏ కారణంతో గర్భసంచి తీశారు? అంతకుముందు ఏ మందులు వాడి చూశారు? ఐదేళ్ల తర్వాత వాళ్లు ఎలా ఉన్నారు? దీనికి రోబో అక్కర్లేదు, కోట్ల గ్రాంటు అక్కర్లేదు. ఎథిక్స్ కమిటీ (అధ్యయనంలో రోగులకు అన్యాయం జరగకుండా చూసే సంఘం) అనుమతి, ఓపిక, ఊళ్లో ఆశా కార్యకర్తతో మంచి సంబంధం ఉంటే చాలు. ఇలాంటిదే ఇంకో ప్రశ్న ఉంది. అండాశయ క్యాన్సర్లలో ఎక్కువ ప్రమాదకరమైన రకం చాలావరకు ఫెలోపియన్ నాళంలో పుడుతుందని ఇప్పుడు తెలిసింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2010 నుంచి, వేరే కారణంతో ఆపరేషన్ చేసేటప్పుడు ఆ నాళాలను పూర్తిగా తీసేయమని డాక్టర్లకు చెబుతున్నారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఇంత ఎక్కువగా జరిగే మన రాష్ట్రంలో నాళాన్ని కత్తిరించి ముడివేయడమా, మొత్తం తీయడమా అన్నది ఎంత పెద్ద ప్రశ్నో ఆలోచించండి.

ఇప్పుడు దారి చెబుతాను. ఎంబీబీఎస్ తర్వాత నీట్ పీజీ రాసి ఎంఎస్ గైనకాలజీలో చేరాలి, అది మూడేళ్లు. అందులో థీసిస్ తప్పనిసరి. చాలామంది పిల్లలు దాన్ని సీనియర్ల నుంచి నకలు చేసి గట్టెక్కుతారు, నాకు అది చూస్తే బాధ కలుగుతుంది. జీవితంలో మొదటిసారి సొంత ప్రశ్న వేసుకునే అవకాశాన్ని చేతులారా పారేసుకోవడమే అది. మీ అమ్మాయి మొదటి సంవత్సరంలోనే అంశం ఎంచుకుని, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, మొదటి రోగిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ నుంచి ముందుగా చేసిన నమోదునే అక్కడ అంగీకరిస్తున్నారు. రోగుల వివరాలు రాసుకునేటప్పుడు ఒక్క ఫోన్ నంబరుతో సరిపెట్టుకోవద్దని చెప్పండి. మన ఆడవాళ్ల ఫోన్ తరచూ భర్తదో కొడుకుదో అయి ఉంటుంది, నంబర్లు మారిపోతాయి, పనికోసం ఊళ్లు వదిలి వెళ్తారు. ఇంకో బంధువు నంబరు, ఆశా కార్యకర్త నంబరు కూడా ఉండాలి. సగం మంది రోగులు రెండో ఏడాదికి కనబడకుండా పోతే ఎంత గొప్ప గణాంక శాస్త్రమూ ఆ అధ్యయనాన్ని కాపాడలేదు.

మద్రాసులోని జాతీయ ఎపిడెమియాలజీ (జనంలో జబ్బుల తీరును లెక్కగట్టే శాస్త్రం) సంస్థ నడిపే బేసిక్ కోర్స్ ఇన్ బయోమెడికల్ రీసెర్చ్ ఆన్‌లైన్‌లోనే చేయవచ్చు. పీజీ విద్యార్థులకు, మెడికల్ కాలేజీ అధ్యాపకులకు అది ఎలాగూ కావాలి. ఎంఎస్ తర్వాత ఆసక్తి నిలిస్తే నీట్ ఎస్ఎస్ అనే సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష రాసి గైనకలాజికల్ ఆంకాలజీలో, అంటే స్త్రీల క్యాన్సర్ల చికిత్సలో, ఎంసీహెచ్ అనే పై డిగ్రీ చేయవచ్చు, మరో మూడేళ్లు. పెద్ద ట్రయళ్లలో పాల్గొనే ఆసుపత్రులకు ఆ చదువు దారి చూపిస్తుంది. అయితే ఆ నిర్ణయం ఇప్పుడే అక్కర్లేదు.

డబ్బు సంగతి దాచను. మెడికల్ కాలేజీలో అధ్యాపకురాలిగా ఉంటూ పరిశోధన చేసేవారికి, ఊళ్లో బాగా నడిచే నర్సింగ్ హోమ్ యజమానికి వచ్చినంత రాదు. పరిశోధన వల్ల పదోన్నతికి కావలసిన ప్రచురణలు వస్తాయి, పేరు వస్తుంది, జీతం మాత్రం జీతమే. కానీ మీరు అనుకున్నట్లు ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కావు. కావలిలో నర్సింగ్ హోమ్ పెట్టినా, ప్రతి ఆపరేషన్‌కూ కారణం రాసి, ఏడాదికీ మూడేళ్లకూ ఐదేళ్లకూ రోగిని పిలిచి చూసే డాక్టరు నా దృష్టిలో పరిశోధకురాలే. ఆ రిజిస్టరు పట్టుకుని పెద్ద కాలేజీతో కలిసి పనిచేయవచ్చు కూడా. ఆమెను ఆ పని మానుకోమనకండి, అదే నా మనవి.

మీ తమ్ముడి కూతురికి ఈ రంగంలో ఉద్యోగం దొరుకుతుంది. ఆసుపత్రిలో ట్రయల్ కోఆర్డినేటర్, కంపెనీలో డేటా మేనేజ్‌మెంట్, మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ లాంటివి. ఎక్కువ భాగం హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో ఉంటాయి. ట్రయళ్లను పద్ధతిగా నడపడం నేర్పే గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ముందు అది చేయించి, కొత్త మందుల మీద, క్లినికల్ ట్రయళ్ల మీద 2019లో వచ్చిన నిబంధనలను చదివించి, ఇంగ్లిష్‌లో ఈమెయిల్ రాయడం, ఎక్సెల్ సాధన చేయించండి. ఆ తర్వాత కూడా కోర్సు అవసరమనిపిస్తే, ఉద్యోగాలు ఇప్పించామంటున్న సంస్థను నిరుడు చేరిన విద్యార్థుల పేర్లు, వాళ్ల ఇప్పటి కొలువులు అడగండి. చెప్పకపోతే లేచి రండి.

ఇక ఈ ఏడు మీ అమ్మాయి చేయగల పని ఒకటుంది. భారత వైద్య పరిశోధన మండలి 1979 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థుల కోసం షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ నడుపుతోంది. కాలేజీలోని అధ్యాపకురాలు ఒకరు గైడ్‌గా ఉండాలి, రెండు నెలల్లో పూర్తయ్యే చిన్న అధ్యయనం కావాలి, ఎంపికైతే స్టైపెండు కూడా ఇస్తారు. గైనకాలజీ విభాగంలో గర్భసంచి ఆపరేషన్ కోసం చేరే స్త్రీలను, అంతకుముందు ఏ చికిత్స తీసుకున్నారో అడిగి రాసుకోవడం రెండు నెలల్లో సాధ్యమయ్యే పని. దరఖాస్తు ప్రకటన కోసం మండలి వెబ్‌సైట్‌ను చూస్తూ ఉండమనండి, గైడ్‌ను మాత్రం ఇప్పుడే వెతుక్కోవాలి. ఆమె వేసుకున్న ప్రశ్నను ఒక పేజీలో తెలుగులోనైనా సరే రాసి పంపితే, చదివి నా అభిప్రాయం చెబుతాను.